కట్టుడు పళ్ళ కథ: నల్ల రబ్బరు సెట్టు నుంచి గులాబి సెట్టు దాకా

తెలుగులో వీటికి రెండు పేర్లున్నాయి. పెట్టుడు పళ్ళు, కట్టుడు పళ్ళు. మొదటిది సులభంగా అర్థమవుతుంది. పొద్దున పెట్టుకుంటారు, రాత్రి తీసి పక్కన పెడతారు. రెండోదే మమ్మల్ని ఆలోచనలో పడేసింది. నోట్లో కట్టేదేముంది? మా కోలారు పక్క కన్నడం వాళ్ళు కూడా 'హల్లు కట్టిసోదు' అనే అంటారు. వీధి చివర తమిళం ఇంటివాళ్ళు 'పల్ కట్టియాచ్చా' అని అడుగుతారు. మూడు భాషలకూ ఒకే క్రియ. ఇల్లు కట్టేదీ అదే, కోక కట్టేదీ అదే, ఎద్దును గూటానికి కట్టేదీ అదే. పళ్ళ విషయంలో మాత్రం ఈ మాట వెనక తీగెతోనో దారంతోనో నిజంగా కట్టిన కాలం ఒకటి ఉందని మా అంచనా. ఇది మా ఊహే కానీ, లోకంలో దొరికిన అతి పాత కట్టుడు పళ్ళను చూస్తే ఊహకు కొంచెం బలం వస్తుంది.

ఇటలీలో రోము పెద్దది కాకముందు ఎత్రుస్కన్లు అనే జనం ఉండేవాళ్ళు. క్రీస్తుకు ముందు 7వ శతాబ్దం నుంచి వాళ్ళ సమాధుల్లో బంగారు పట్టీలు దొరుకుతున్నాయి. పలచటి బంగారు రేకును ఉంగరాల్లాగా వంచి, గట్టి పళ్ళకు తొడిగి, మధ్యలో ఖాళీ ఉన్న చోట వేరే పన్నును ఇరికించేవాళ్ళు. ఆ పన్ను మనిషిది కావచ్చు, పశువుది కావచ్చు. అంటే అక్షరాలా కట్టుడు పన్నే. ఇది ధనవంతుల సోకు. మామూలు మనిషికి పన్ను పోతే పోయినట్టే.

ఇంతవరకు ఇక్కడ మేము వలసల గురించి, ఇంటిపేర్ల గురించి, పాత పెళ్ళి పత్రికల గురించి రాసినాం. ఈసారి పళ్ళేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ముగ్గురు కూర్చుంటే అందులో ఒకరికి పళ్ళు లేవు. పళ్ళు లేనివాళ్ళలో సగం మంది 'ఈ వయసులో నాకెందుకు' అంటారు. ఆ మాట ఎక్కడ నుంచి వచ్చింది, దాంట్లో నిజమెంత, భయమెంత అని వెనక్కి పోయి చూస్తే పెద్ద చరిత్రే బయట పడింది.

మొత్తం పళ్ళ సెట్టు, అంటే ఒక్క పన్ను కూడా లేని నోటికి అతుక్కుని నిలిచే సెట్టు, ముందు బాగా చేసింది జపాను వాళ్ళు. అదీ కొయ్యతో. వకయామలో 1538లో పోయిన ఒక బౌద్ధ సన్యాసిని పై దవడ సెట్టు ఇప్పటికీ ఉంది. ఒకే కొయ్య ముక్కను చెక్కి చేసినారు. బుద్ధ విగ్రహాలు చెక్కే శిల్పుల చేతి పని అది అంటారు. గట్టిగా, సన్నటి పోగుతో ఉండే ఒక చెట్టు కొయ్యను తీసుకుని, నోటి అచ్చుకు తగ్గట్టు చెక్కి, తగిలిన చోట మళ్ళీ గీకి, అంగిలికి సరిగ్గా అంటుకునే దాకా సరిచేసేవాళ్ళు. తీగెలు లేవు, స్ప్రింగులు లేవు. తడి అద్దం పలకలు రెండు ఒకదానికొకటి ఎట్లా అంటుకుంటాయో, అంగిలికీ పలకకూ మధ్య సన్నటి ఉమ్మి పొర అట్లా పట్టుకుంటుంది. ఈ రోజు డాక్టరు చేసే సెట్టు నిలిచేది కూడా అదే సూత్రం మీద. ఆ శిల్పులు ఏ కాలేజీలోనూ చదవలేదు. చేతికి, కంటికి తెలిసిన పని అంతే.

ఐరోపాకు ఈ కిటుకు దొరకడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1728లో పియరీ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు పళ్ళ వైద్యం మీద మొదటి పెద్ద పుస్తకం రాసినాడు. పై సెట్టును కింది దానికి ఉక్కు స్ప్రింగులతో కలిపి, అది కింద పడకుండా పైకి తోసేలా ఏర్పాటు చేసినాడు. దాంతో వచ్చిన తంటా ఏమంటే, నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. మూసుకోవడానికే బలం పెట్టాలి. ఆ కాలపు పటాల్లో కొందరు పెద్దమనుషులు పెదవులు బిగించి కూర్చోవడం వెనక గాంభీర్యమొక్కటే లేదు, స్ప్రింగు కూడా ఉంది.

అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ సంగతి చాలా మందికి తెలుసు, కానీ తప్పుగా తెలుసు. ఆయనవి కొయ్య పళ్ళు అని మా కన్నడ బడిలో కూడా ఒక సారు చెప్పినాడు. కాదు. 1789లో ప్రమాణం చేసేటప్పటికి ఆయనకు సొంతంగా మిగిలింది ఒకే ఒక పన్ను. జాన్ గ్రీన్‌వుడ్ అనే పళ్ళ వైద్యుడు నీటి గుర్రం దంతాన్ని చెక్కి, అందులో మనుషుల పళ్ళు బిగించి, బంగారు స్ప్రింగులు పెట్టి సెట్టు చేసినాడు. మిగిలిన ఆ ఒక్క పన్ను దూరడానికి సెట్టులో ఒక తూటు కూడా వదిలినాడు. ఇంకొక సంగతి ఉంది, అది అంత సరదాది కాదు. 1784లో వాషింగ్టన్ ఇంటి లెక్కల పుస్తకంలో, నల్లజాతి వాళ్ళ దగ్గర 9 పళ్ళు కొన్నందుకు 6 పౌండ్ల 2 షిల్లింగులు ఇచ్చినట్టు ఒక పద్దు ఉంది. ఆయన బానిసల యజమాని. బానిస 'అమ్మను' అనగలడా? ఆ పళ్ళు ఆయన నోటికే పోయినాయా అనేది పద్దులో రాయలేదు. లెక్క మాత్రం పక్కాగా రాసిపెట్టినారు.

మనిషి పళ్ళ వ్యాపారం అక్కడితో ఆగలేదు. 1815లో వాటర్లూ యుద్ధం అయినాక, చచ్చిపడిన సిపాయిల నోళ్ళలోంచి పళ్ళు పీకి మూటలు కట్టి లండనుకు తెచ్చి అమ్మినారు. పడుచు మగవాళ్ళ పళ్ళు గనుక గట్టిగా ఉంటాయని గిరాకీ. అవి పెట్టుకున్న వాళ్ళకు అవి ఎవరివో తెలియదు, చాలామంది తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మన సామెత. పెట్టుకోవడానికి ఎవడి పన్నైతేనేం అన్నట్టు సాగింది అక్కడ.

ఏనుగు దంతమైనా, నీటి గుర్రం దంతమైనా, మనిషి పన్నైనా నోట్లో కుళ్ళుతుంది, కంపు కొడుతుంది. దానికి మందుగా పింగాణీ వచ్చింది. పారిస్‌లో దుషాతో అనే మందుల వ్యాపారి తన దంతపు సెట్టు కంపు భరించలేక, 1774 ప్రాంతంలో పింగాణీ సెట్టు చేయించుకున్నాడు. ఆ పనిలో తోడు నిలిచిన ద్యుబ్వా ద షెమాన్ తర్వాత దాన్ని తన పేర పేటెంటు చేసుకుని లండనులో అమ్మినాడు. కాల్చినప్పుడు కుంచించుకుపోవడం పింగాణీ గుణం, అందుకని ఏకముక్క సెట్టు సరిగ్గా కూర్చునేది కాదు. 1808లో ఫోంజీ అనే ఇటలీ వైద్యుడు విడివిడి పింగాణీ పళ్ళు చేయడం మొదలుపెట్టినాక దారి తెరుచుకుంది. పళ్ళు సరే. వాటిని పట్టుకునే చిగురు, పలక? బంగారంతో చేయిస్తే బాగుంటుంది. ఎవరు చేయించుకోగలరు?

ఇక్కడికి వచ్చేసరికి మా ఇంటి కథ కలుస్తుంది.

మా ముత్తాత పెట్టెలో, పత్రాల కింద, ఒక తగరపు డబ్బీలో ఒక పై సెట్టు ఉంది. చిన్నప్పుడు దాన్ని చూసి మేమందరం జడుసుకున్నాం. పలక కాఫీ గింజల రంగు, కొన్ని చోట్ల నలుపు. చిగురు ఉండాల్సిన చోట పాత ఇటుక రంగు. పళ్ళు మాత్రం మిలమిలా తెల్లగా ఉన్నాయి. దెయ్యం పళ్ళు అని మా చిన్నాయన భయపెట్టేవాడు. పోయినేడు ఒక పళ్ళ డాక్టరుకు చూపిస్తే ఆయన సంతోషం పట్టలేకపోయినాడు. ఇది వల్కనైట్ అండీ, చదువుకునేటప్పుడు పుస్తకంలో చూడడమే, చేత్తో పట్టుకోవడం ఇప్పుడే అన్నాడు.

వల్కనైట్ అంటే గట్టి రబ్బరు. చార్లెస్ గుడ్‌యియర్ 1839లో రబ్బరులో గంధకం కలిపి కాలిస్తే అది ఎండకు కరగదు, చలికి పగలదు అని కనిపెట్టినాడు. గంధకం పాలు పెంచితే గట్టి పలక అవుతుందని ఆయన తమ్ముడు నెల్సన్ 1851లో పేటెంటు తీసుకున్నాడు. పళ్ళ వైద్యులకు ఇది వరంలాగా వచ్చింది. నోటికి మైనంతోనో సున్నపుపిండిలాంటి ప్లాస్టరుతోనో అచ్చు తీయడం, అచ్చులో ప్లాస్టరు పోసి దవడ బొమ్మ చేయడం, దాని మీద మైనంతో చిగురు కట్టి పింగాణీ పళ్ళు నాటడం, మొత్తాన్ని ఇనుప డబ్బాలో ప్లాస్టరులో పూడ్చి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో మెత్తటి రబ్బరు కూరి, ఆవిరి కుండలో సుమారు 160 డిగ్రీల వేడిలో ఉడికించడం. మన పంచలోహ విగ్రహాలు పోసేవాళ్ళు చేసేదీ ఇంతే కదా, మైనం పోయి లోహం వస్తుంది. ఇక్కడ మైనం పోయి రబ్బరు వస్తుంది. అచ్చు ఎట్లా ఉంటే పలక అట్లా వస్తుంది గనుక అంగిలికి అతుక్కుంటుంది. స్ప్రింగుల పీడ పోయింది. ధర కూడా దిగింది. అదే కాలంలో, 1844లో నవ్వించే వాయువు, 1846లో ఈథరు వచ్చి, పళ్ళు నొప్పి లేకుండా పీకడం సాధ్యమైంది. పుచ్చిన పళ్ళన్నీ పీకించుకుని సెట్టు కట్టించుకునే జనం ఒక్కసారిగా పెరిగినారు.

అంత మేలు చేసిన రబ్బరుకు ఒక వికారమైన కథ కూడా అంటుకుంది. అమెరికాలో గుడ్‌యియర్ డెంటల్ వల్కనైట్ కంపెనీ అని ఒకటి లేచింది. రబ్బరు సెట్టు చేసే ప్రతి పళ్ళ వైద్యుడూ ఏటా లైసెన్సు రుసుము కట్టాలి, పైగా సెట్టుకు ఇంతని ఇవ్వాలి. కట్టనివాళ్ళ మీద కేసులు. కంపెనీ కోశాధికారి జోసయ్య బేకన్ ఊరూరూ తిరిగి దావాలు వేసినాడు, సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచినాడు. శామ్యూల్ చాల్ఫంట్ అనే వైద్యుడు అతని బాధ పడలేక ఊళ్ళు మారుతూ చివరికి శాన్‌ఫ్రాన్సిస్కో చేరినాడు. అక్కడికీ బేకన్ వచ్చినాడు. 1879 ఏప్రిల్ 13న హోటలు గదిలో చాల్ఫంట్ అతన్ని తుపాకితో కాల్చి చంపినాడు. రెండేళ్ళకు, 1881లో, పేటెంటు గడువు తీరిపోయింది. సాఫ్ట్‌వేరు లైసెన్సుల గొడవలు రోజూ చూసే మా ఆఫీసు వాళ్ళకు ఈ కథ చెబితే ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.

పేటెంటు పోయినాక రబ్బరు సెట్టు లోకమంతా పాకింది, అరవై డెబ్బై ఏళ్ళు రాజ్యం చేసింది. మా ముత్తాత నోటికి వచ్చింది ఆ రాజ్యం చివరి రోజుల్లో, 1940లలో. శ్రీనివాసపురం దగ్గరి పల్లె నుంచి బెంగళూరుకు మూడుసార్లు పోయి వచ్చినాడట. సెట్టు వచ్చినాక ఇంట్లో పెద్ద చర్చ. అది ఎముకా, తోలా, ఏ జంతువుది? మడి కట్టుకుని భోంచేసే మనిషి దాన్ని నోట్లో పెట్టుకుని తినొచ్చునా? చెట్టు పాలతో చేసిన రబ్బరు, మట్టితో చేసిన పళ్ళు అని బెంగళూరు వైద్యుడు చెప్పిన మాటను ముత్తాత పురోహితునికి చెప్పి ఒప్పించినాడని మా తాత చెప్పేవాడు. ఒప్పించి ఏం లాభం? పండగ నాడు, పెళ్ళి నాడు, కచేరికి పోయే నాడు పెట్టుకునేవాడు. తినేటప్పుడు తీసి డబ్బీలో పెట్టేవాడు. గాంధీగారిది దీనికి తలకిందుల పద్ధతి. ఆయన తినేటప్పుడు పెట్టుకుని, తిన్నాక తీసేసేవాడు. అందుకే మన తెలుగు వాళ్ళకు తెలిసిన ఆయన బోసినవ్వు.

ముత్తాత తీసేసి ఎట్లా తినేవాడు అంటే, దానికి జవాబు మా పక్క తిండిలోనే ఉంది. రాగి సంగటి నమలరు. వేళ్ళతో తుంచి, గుండ్రంగా చేసి, పులుసులో ముంచి మింగేస్తారు. కొత్తగా వచ్చిన కోడలు సంగటి నమిలితే ఇప్పటికీ నవ్వుతారు. కోలారు, చిక్కబళ్ళాపురం, తుమకూరు సీమలో పళ్ళు లేని ముసలాయన కూడా మూడు పూటలా కడుపు నింపుకుని పొలానికి పోగలిగినాడంటే ఆ ముద్ద పుణ్యమే. ఆకువక్కకు చిన్న రోలు ఉండనే ఉంది, దంచి నోట్లో వేసుకుంటే సరి. పోయినవి వేరుశెనగలు, చెరుకు, వేపుళ్ళు, మాంసం. పళ్ళున్నవాడికి శెనగల్లేవు, శెనగలున్నవాడికి పళ్ళు లేవు అనే సామెత కన్నడంలో ఎంత వాడుకో మా ఇంటి తెలుగులోనూ అంత వాడుక. ఆ సామెతలోనే ఒక రకం సర్దుబాటు ఉంది. పళ్ళు పోవడం తలరాత, దానికి చేసేదేం లేదు అని.

తలరాత అనుకోవడానికి మా నీళ్ళు కూడా ఒక కారణం. భూగర్భంలో ఫ్లోరైడు ఎక్కువ ఉన్న సీమ ఇది. పావగడ, బాగేపల్లి, అటు అనంతపురం, నల్లగొండ, ప్రకాశం దాకా ఇదే బాధ. మన దేశంలో ఈ రోగాన్ని మొదట గుర్తించి 1937లో రాసింది కూడా తెలుగు నేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే పెరిగే పిల్లల పళ్ళ మీద సుద్ద మరకలు, ఆపైన గోధుమ చారలు. ఇంకా ఎక్కువైతే పైపొర గుంటలు పడి పెళ్ళలు రాలుతుంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ బాధ ముదిరింది. ఆ మరకలు తోమితే పోవు. ఊరంతా అవే పళ్ళయినప్పుడు ఎవరూ వైద్యుని దగ్గరికి పోరు.

పోవాలన్నా వైద్యుడెక్కడ? మన దేశంలో మొదటి పళ్ళ వైద్య కళాశాల 1920లో కలకత్తాలో పుట్టింది. పెట్టినవాడు రఫీయుద్దీన్ అహ్మద్, అమెరికాలో అయోవాలో చదివి వచ్చినాడు. కళాశాలకు డబ్బు కోసం ఆయన ఒక ఐస్‌క్రీము, సోడాల అంగడి నడిపినాడు. తీపి అమ్మి పళ్ళ చదువు పెట్టినాడు అని నవ్వు వస్తుంది కానీ, ఆ చదువు లేకపోతే తర్వాత కథే లేదు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. ఆ చట్టం పట్టా ఉన్నవాళ్ళకు ఒక పట్టిక, పట్టా లేకపోయినా అప్పటికే ఈ పని మీదే బతుకుతున్నవాళ్ళకు వేరొక పట్టిక పెట్టింది. మనవాళ్ళ నోళ్ళు ఎక్కువగా చూసింది ఈ రెండో రకం వాళ్ళే. కలకత్తాలో చైనా హుబేయి ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా పళ్ళు కట్టడమే వృత్తిగా పెట్టుకున్నాయి. బెంగళూరు ప్రభుత్వ దంత కళాశాల వచ్చింది 1958లో.

ఆ లోపల, ఆ తర్వాత కూడా, ఫుట్‌పాత్ వైద్యులు. కె.ఆర్. మార్కెట్ పక్కన గుడ్డ పరిచి, దాని మీద సెట్లు పేర్చుకుని కూర్చునేవాళ్ళను మేము కూడా చూసినాం. వాళ్ళ చేతి నైపుణ్యాన్ని తీసిపారేయం, బీదవాడికి ఒక గంటలో నవ్వు ఇచ్చినవాళ్ళు. కానీ చల్లగా గట్టిపడే ప్లాస్టిక్ ముద్దను తిన్నగా పక్క పళ్ళకు అంటించి, తీయడానికి లేకుండా బిగించే పద్ధతి ఒకటుంది. దాని కింద తిండి చేరి, చిగురు వాచి, మంచి పళ్ళు కూడా కదిలిపోతాయి. మా చిన్నాయనకు అట్లా ఒక పన్ను కోసం పోతే నాలుగు పళ్ళు పోయినాయి. 'ఈ వయసులో నాకెందుకు' అనే మాట వెనక ఇట్లాంటి కథ ప్రతి ఇంట్లో ఒకటైనా ఉంటుంది.

రబ్బరును దించింది అక్రిలిక్. 1930లలో వచ్చిన ఈ ప్లాస్టిక్‌నే యుద్ధంలో విమానాల అద్దాలకు వాడినారు. 1937 నుంచి పళ్ళకు. రంగు చిగురు రంగే, గులాబి. విరిగితే అతికించొచ్చు, వదులైతే లోపల పొర వేయించొచ్చు. మా తాత 1978లో కట్టించుకుంది ఇదే, నేడు మామూలుగా కట్టేదీ ఇదే. ఇంగ్లండులో 1948లో ప్రభుత్వ వైద్యం ఉచితంగా పెట్టినప్పుడు సెట్ల కోసం జనం ఎగబడినారు. ఖర్చు తట్టుకోలేక 1951లో వాటికి రుసుము పెడితే, ఆ పథకం తెచ్చిన మంత్రి అన్యూరిన్ బెవాన్ రాజీనామా చేసినాడు. ఆ దేశంలో కొన్ని చోట్ల ఆడపిల్లకు పెళ్ళికి ముందే పళ్ళన్నీ పీకించి సెట్టు కట్టించడం కానుకగా ఉండేది, మొగుడికి తర్వాత ఖర్చు లేకుండా. మనవాళ్ళు పన్ను పోతే ఊరుకున్నారు, వాళ్ళు ఉన్నదీ పీకించుకున్నారు. రెండూ మాకు ఒప్పుదలగా లేవు.

ఇప్పుడు మా అవ్వ సంగతి. ఎనభై రెండేళ్ళు. రెండేళ్ళుగా మేము ఆమె మాటలు ఫోనులో రికార్డు చేస్తున్నాం, వలస కథలు, సోది, సామెతలు. కన్నడ బడిలో చదివిన మాకు తెలుగు అంటే ఆమె నోరే. తెలుగులో దంత్య చకారం, దంత్య జకారం అని రెండు శబ్దాలున్నాయి. చాప, చలి, చుక్క, జొన్న, జడ. నాలుక ముందు పళ్ళ వెనక తగిలి పలికేవి. కన్నడంలో అవి లేవు, బడిలో ఎవరూ నేర్పరు. మాలో సగం మంది చాపను, చేపను ఒకే చకారంతో పలుకుతాం. అవ్వ ఎప్పుడూ తేడా తప్పలేదు. పోయినేడు ముందరి పళ్ళు నాలుగూ ఒకదాని వెనక ఒకటి ఊడినాక ఆ శబ్దం గాలైపోయింది. త, ద కూడా మెత్తబడినాయి. అంతకంటే కష్టమైంది, కొత్త కోడళ్ళ ముందు ఆమె నోరు తెరవడమే మానేసింది. కొంగు అడ్డం పెట్టుకుని రెండు మాటలు, అంతే. ఆమెను ఒప్పించడానికి వాషింగ్టన్ కథ, గాంధీగారి కథ, ముత్తాత డబ్బీ అన్నీ వాడినాం. చివరికి పని చేసింది మనవరాలు ఒకతి 'అవ్వా, చాప అను' అని అడగడం.

సెట్టు చేసే క్రమం చూస్తే సాఫ్ట్‌వేరు టెస్టింగ్ చేసే మాకు ముచ్చటేసింది. మిగిలిన పళ్ళు కదులుతున్నాయని తీసేసి, చిగురు మానడానికి రెండు నెలలు ఆగమన్నారు. తర్వాత ముందు అచ్చు, సముద్రపు నాచు నుంచి తీసిన పొడితో. ఆ అచ్చుతో ఆమె నోటికే సరిపోయే పళ్ళెం చేసి, దాంతో ఇంకొక సూక్ష్మమైన అచ్చు. ఆపైన మైనపు దిమ్మెలు పెట్టి పై దవడ కింది దవడ ఎక్కడ కలుస్తాయో కొలత. తర్వాత మైనంలోనే పళ్ళు నాటి నోట్లో పెట్టి చూపిస్తారు. ఇంకా ఏదైనా మార్చొచ్చు ఆ రోజు: పన్ను పొడుగు, రంగు, నవ్వితే ఎంత కనపడాలి. ఆ రోజే 'చలి, చాప, జొన్న' అనిపించి చూడమని మేమే అడిగినాం. డాక్టరు కన్నడాయన, ఆయనకు మా గోల అర్థం కావడానికి కొంత సేపు పట్టింది, కానీ ముందు పళ్ళను వెంట్రుక వాసి లోపలికి జరిపినాడు. ఖాయం చేసినాక నీలం కాగితం కొరికించి, ఎక్కడ ఎక్కువ తగులుతుందో అక్కడ గీకినాడు. మీ ఇంట్లో ఎవరికైనా కట్టిస్తుంటే ఆ మైనపు రోజు మాత్రం ఇంటి మనిషి పక్కనుండాలి. అద్దం పట్టుకుని చూసుకోవాలి. తర్వాత మార్చడం కష్టం.

సెట్టు వచ్చిన రోజే వేరుశెనగలు తినేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. సొంత పళ్ళ బలంలో సగం కూడా దీనికి రాదు. మొదటి వారం నోటి నిండా ఉమ్మి, సకారం ఈల వేస్తుంది, ఒకటి రెండు చోట్ల ఒరుసుకుంటుంది. ఒరుసుకున్న చోటును ఇంట్లో చాకుతో గీకకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. మెత్తటి ముక్కలు, రెండు పక్కలా కలిపి నమలడం నేర్చుకోవాలి. రాత్రి తీసి చన్నీళ్ళ గిన్నెలో వేయాలి, చిగురుకు విశ్రాంతి, సెట్టు ఎండి వంకర పోదు. వేడి నీళ్ళు పోస్తే వంకర పోతుంది. పళ్ళపొడి, పేస్టు గరుకు, సబ్బు నీళ్ళు మెత్తటి బ్రష్షు చాలు. కింద పడితే పగులుతుంది గనుక కడిగేటప్పుడు కింద నీళ్ళ బకెట్టు పెట్టమని అవ్వకు చెప్పినారు, ఆ ఒక్క సలహా ఆమె వెంటనే మెచ్చుకుంది.

కింది సెట్టు కథ వేరే. పైదానికి అంగిలి ఉంది, వెడల్పు ఉంది, పట్టుకుంటుంది. కింద నాలుక ఉంది, గట్టు సన్నం. పైగా పళ్ళు పోయిన దవడ ఎముక ఏళ్ళ మీద కరుగుతుంది, కిందిది ఇంకా త్వరగా. అందుకే తాత సెట్టు కొన్నేళ్ళకు వదులైంది, 'అప్పటి పని బాలేదు' అని ఆయన డాక్టరును తిట్టేవాడు. పని బాగానే ఉంది, కరిగింది ఎముక. కొన్నేళ్ళకోసారి లోపలి పొర వేయించాలి, తర్వాత కొత్తది చేయించాలి.

ఇంకొక దారి ఉంది. టైటానియం లోహాన్ని ఎముక తనలో కలుపుకుంటుందని స్వీడనులో బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1950లలో కుందేళ్ళలో గమనించి, 1965లో మొదటిసారి మనిషి దవడలో టైటానియం స్క్రూలు నాటినాడు. కింది దవడలో రెండు స్క్రూలు నాటి వాటి మీద సెట్టును బొత్తాముల్లాగా తగిలిస్తే కదలదు. 2002లో కెనడాలో చేరిన నిపుణులు పళ్ళే లేని కింది దవడకు ముందుగా చెప్పాల్సిన దారి ఇదే అని తేల్చినారు. ఖర్చు మాత్రం మామూలు సెట్టుకు ఎన్నో రెట్లు. వయసు అడ్డం కాదు, కానీ చక్కెర రోగం అదుపులో ఉండాలి. ఒకటి రెండు పళ్ళే పోయినవాళ్ళకు వేరే లెక్క, పక్క పళ్ళు గట్టిగా ఉంటే వాటిని అరగదీసి వంతెన లాగా కట్టొచ్చు, లేదా కొక్కేలున్న చిన్న సెట్టు. తక్కువ ఖర్చుకు చిన్న సెట్టే.

అవ్వ చక్కెర ఇప్పుడు కొంచెం ఎక్కువగానే ఉంది, స్క్రూల మాట తర్వాత. మూడో వారం నుంచి పై సెట్టు పెట్టుకుని మాట్లాడుతోంది. మా పాత రికార్డింగును, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి విన్నాం. చలి చలి లాగే ఉంది, జొన్న జొన్న లాగే ఉంది. సంగటి తినేటప్పుడు మాత్రం రెండూ తీసి గిన్నెలో పెడుతుంది, ముద్దకు పళ్ళెందుకు అంటుంది. కింది సెట్టు ఎడమ పక్క ఒరుసుకుంటుందని ఇంకా సణుగుతోంది. వచ్చే మంగళవారం గీకించడానికి తీసుకుపోతున్నాం.